ప్లాట్‌ఫారం వైపు

భీమిలి,
ఫిబ్రవరి 3, 2025.

మావయ్యా,

ముందు ఆ ఎర్ర పెన్సిలు కింద పెట్టు. తప్పులు తర్వాత దిద్దుకుందువు గాని, ముందు విషయం చదువు. హిందీ మీడియంలో చదివిన పిల్లకి నువ్వు సెలవుల్లో కూర్చోబెట్టి నేర్పిన తెలుగు ఇంతే వస్తుంది. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. మొన్న నేను "భోంచేశావా" అని మూడుసార్లు అరిస్తే, నువ్వు "శనివారం" అని చెప్పి పెట్టేశావు. కాబట్టి ఉత్తరమే గతి.

సంగతేమిటంటే, సముద్రంలో అల మీద నిలబడి జారుకుంటూ వచ్చే పలక ఉంటుంది కదా, సర్ఫ్ బోర్డు, అది నేను సొంతంగా ఒకటి తయారుచేశాను. ఇన్నాళ్ళూ మా గురువుగారి షెడ్డులో విరిగిన పలకలకి అతుకులేస్తూ వచ్చాను. ఆయన గోవా వెళ్ళిపోతూ షెడ్డు తాళం నా చేతిలో పెట్టారు. లోపల ఫోము, దాని మీద ఫైబర్ గుడ్డ, ఆ పైన రెజిన్ పూత. తొమ్మిదడుగుల పొడవు, తెల్లగా మల్లెపువ్వులా ఉంటుంది. ఆకారం చక్కగా కుదిరింది. కానీ మెరుపు రావడం లేదు మావయ్యా! ఎంత రుద్దినా ఆవిరి పట్టిన అద్దంలాగే ఉంటోంది. ట్యూబ్‌లైటు కింద పెడితే గుండ్రటి గీతలు ఒకటే కనిపిస్తున్నాయి.

ఇక్కడ సింహాచలం గారని సర్ఫింగ్ బడి నడుపుతారు. చేపల వేట ఇంట్లో పుట్టినాయన, అలల మీదే పెరిగారు. బడికి కొత్త పలకలు పన్నెండు కావాలట. "నెలాఖరు కాదు, మార్చి ఆఖరుకి ఒకటి చూపించు. నా చేతికి నచ్చితే పన్నెండూ నీవే" అన్నారు. నచ్చకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. ఏప్రిల్ ఒకటిన మొదలయ్యే రైల్వే పరీక్షల కోచింగులో అమ్మ నా పేరు రాయించేసింది. ఈ పలక పోతే షెడ్డుకి తాళం వేసి బిలాస్‌పూర్ వచ్చేస్తానని అమ్మకి మాటిచ్చాను. ఎందుకిచ్చానో! అమ్మ ముందు నా నోరు నా మాట వినదు.

ముప్పై ఆరేళ్ళు రైలు పెట్టెలకి రంగులేసి పాలిష్ పట్టినవాడివి నువ్వు. ఏ పాలిషింగ్ కాంపౌండ్ వాడాలో నువ్వే చెప్పాలి. బజారులో ప్రతి డబ్బా మీదా అద్దంలో అమ్మాయి నవ్వుతున్న బొమ్మే ఉంది, నాకేం తెలియడం లేదు.

జుట్టులో కూడా రెజిన్ అంటుకున్న నీ మేనకోడలు,
తనూజ


బిలాస్‌పూర్,
ఫిబ్రవరి 9.

తనూజా,

మావయ్య రాస్తున్నాడు, కూర్చుని చదువు. నీ ఉత్తరంలో పందొమ్మిది తప్పులున్నాయి. చీటీ వేరే జతపరిచాను.

మీ అత్త చదివి వినిపించమంది. "అల మీద నిలబడి" దగ్గర నన్నాపి, "నిలబడ్డమేటి? పడిపోరేటి?" అని అడిగింది. మా లక్ష్మీనరసమ్మ నోట ఏడాదికోసారి మంచి ప్రశ్న వస్తుంది, ఈ ఏటికి అది అయిపోయింది. నాకూ అదే అనుమానం. చూడమ్మా, మనిషి కాలు పెట్టే చోట మెరుపు ఉండకూడదు. రైలు పెట్టె ఎక్కేటప్పుడు ఫుట్‌బోర్డు ఎప్పుడైనా చూశావా? గళ్ళు గళ్ళుగా, గరుకుగా ఉంటుంది. వానలో తడి చెప్పులతో ఎక్కినవాడు జారి పట్టాల మీద పడకూడదని అలా చేస్తారు. నిలబడే పలకకి అద్దం మెరుపు కావాలన్న ఆ సింహాచలం ఎవరో గాని, నిన్ను ఆటపట్టిస్తున్నాడేమో కనుక్కో.

ఇక కాంపౌండ్ సంగతి. అది నూనె అనుకుంటున్నావు నువ్వు, కాదు. అది ముద్దలా కలిపిన మెత్తటి ఇసుక. మెరుపు ఎవరూ పూయలేరు, గీతలు తీసేస్తే ఉన్న మెరుపే బయటికొస్తుంది. పెద్ద గీతల్ని చిన్న గీతలు చెయ్యాలి, చిన్నవాటిని కంటికి కనపడనంత చిన్నవి చెయ్యాలి, అంతే పని. అది చెయ్యడానికే నాకు సగం సర్వీసు పట్టింది. ఒకసారి పెద్ద సాహెబు ఇన్‌స్పెక్షన్ పెట్టెకి పాలిష్ పట్టాను. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, పెట్టె పక్కలో తన నీడ చూసుకుని, టై సరిచేసుకుని మరీ ఎక్కారు. షెడ్డులో అందరూ నన్ను భుజాల మీద ఎత్తినంత పని చేశారు.

రెజిన్ నేను ఎరగను. నువ్వు చేసిన పలక ముక్కలుంటే ఓ ఆరు పంపు. సిర్గిట్టిలో జగన్నాథం కార్లకి డెంటింగు, పెయింటింగు చేసే వర్క్‌షాపు ఉంది కదా, అక్కడ పరీక్ష పెడతాను. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదే తల్లీ. మీ అత్త అయితే పాలు పొంగుతున్నాయేమో చూడమంటుంది, అంతే.

మావయ్య,
త్రినాథరావు


భీమిలి,
ఫిబ్రవరి 14.

మావయ్యా,

తప్పుల చీటీ అందింది. షెడ్డు తలుపుకి అంటించాను, అందరూ చదివి నవ్వుతున్నారు.

నిలబడే సంగతి నువ్వు వదిలెయ్. కాలు జారకుండా మేం పైన మైనం ముద్ద రుద్దుకుంటాం, పట్టు దానితో వస్తుంది. ఫుట్‌బోర్డు గొడవ నీకొద్దు, బస్. నీ పని మెరుపు ఒక్కటే.

ఆరు ముక్కలు పంపుతున్నాను. మూడు విషయాలు గుర్తుపెట్టుకో. పలక తెల్లనిది, కాబట్టి రంగు పట్టే కాంపౌండ్ పనికిరాదు. సిలికాన్ ఉన్నది అసలే వద్దు, రేపు పలక ఎక్కడైనా పగిలితే అతుకు రెజిన్ దాని మీద పట్టదు. మెరుపు ఒక్క వైపే కావాలి, రెండో వైపు ముట్టుకోనక్కర్లేదు. సింహాచలం గారు అలాగే అడిగారు.

అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. "ఏటే, అయిపోయిందా నీ పలక పిచ్చి?" అని మొదలుపెడుతుంది. నిన్న కోచింగువాళ్ళిచ్చిన పుస్తకాలకి అట్టలు కూడా వేసేశానంది. నాకు ఎంత భయమేసిందో తెలుసా? అట్టలు వేసిన పుస్తకాలంటే ఇక తప్పించుకోలేమన్నట్టే. ఇక్కడ పొద్దున్నే నీళ్ళలోకి దిగితే నాకు ప్రాణం లేచొస్తుంది మావయ్యా. ఎవరో గీసిన పలక మీద కాదు, నేను గీసిన పలక మీద పిల్లలు నిలబడాలని ఉంది.

ఆశంతా నీ మీదే పెట్టుకున్న,
తనూజ


బిలాస్‌పూర్,
ఫిబ్రవరి 24.

తనూజా,

నీ ముక్కలు అందాయి. ఐదారు రోజులుగా మీ అత్త నన్ను ఇంట్లో చూడలేదు, దానికీ హాయిగానే ఉందట.

మొదటి డబ్బా సదర్ బజార్‌లో దొరికిన గోధుమరంగుది. మా రోజుల్లో వాడింది దాని అన్నదమ్ములనే. గీతల్ని చకచకా కోసేసింది, నేను మీసం దువ్వుకున్నాను. తీరా కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నీ రెజిన్‌లో సూదిమొనంత బెజ్జాలున్నాయి, ప్రతి బెజ్జంలోనూ గోధుమరంగు కూరుకుపోయింది. తెల్లటి ముక్క కాస్తా మశూచి పోసిన మొహంలా తయారైంది. దాన్ని పక్కన పడేశాను.

రెండోది గులాబీరంగు క్రీము. కొట్టువాడు దాన్ని సొంత కొడుకంత పొగిడాడు. రెండు చుట్లు తిప్పానో లేదో, ఒహో, ధగధగలాడిపోయింది! జగన్నాథం పని ఆపేసి, "అన్నా, ఇదేటి, ఇంత తొందరగా ఎలగొచ్చీసినాది?" అన్నాడు. అక్కడే నాకు తేడా కొట్టింది. తొందరగా వచ్చిన మెరుపుని నేను నమ్మను. స్పిరిట్‌లో గుడ్డ ముంచి తుడిచాను. గీతలన్నీ వరసగా లేచి కూర్చున్నాయి. అది గీతలు తీయదు, వాటిలో మైనం, సిలికాన్ నింపి కప్పెడుతుంది. దొంగ మెరుపు. ఆ డబ్బా మీ అత్తకిచ్చాను, ఫ్రిజ్ తలుపుకి పూసి మురిసిపోతోంది.

మూడోది తెల్లటి ముద్ద, నీళ్ళతో కలిపే రకం. వాసన లేదు, ఆడంబరం లేదు. ముందు ముతకది, తర్వాత సన్నది, రెండు డబ్బాలు. అరగంటసేపు ఏమీ జరగలేదు. జగన్నాథం టీ తాగి వచ్చాడు. అప్పుడు మెల్లిగా లోపలి నుంచి వెలుగు రావడం మొదలైంది. స్పిరిట్ గుడ్డతో తుడిచినా పోలేదు. పక్కన పేపరు పట్టుకుంటే తిరగబడ్డ అక్షరాలు నీడలో చదవగలిగాను. ఇదే నీ కాంపౌండ్, డబ్బాలు పంపుతున్నాను. ముందు నీటికాగితంతో, అదే తడిపి రుద్దే గరుకుకాగితంతో, ఆరువందల నంబరు నుంచి పదిహేను వందల దాకా మెట్టు మెట్టుగా రుద్దుకో. పాలిష్ పట్టే మెషీను నెమ్మదిగా తిరగాలి. రెండు నిమిషాలకోసారి పలక మీద చెయ్యి పెట్టి చూడు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. వేడిగా ఉంటే ఆపేయాలి.

ఒక్క వైపే అని నువ్వు నాకు వేరే చెప్పాలా? సర్వీసంతా అదే చేశాను.

మీ అమ్మకి ఇదంతా తెలిసిపోయింది, ఫ్రిజ్ తలుపు చూసి. నిన్న వచ్చి, "అన్నయ్యా, నువ్వు కూడా ఆ గుంటకి వంత పాడతన్నావేటి? ఆ పలక పోతేనే గదా పిల్ల ఇంటికొస్తాది!" అని నా మీద ఎగిరింది. నేను వినబడనట్టు కూర్చున్నాను. చెవుడు వల్ల ఆ ఒక్క సుఖం ఉంది.

మావయ్య,
త్రినాథరావు


భీమిలి,
మార్చి 6.

మావయ్యా,

ఈ ఉత్తరం పలక చుట్టిన దుప్పటిలోనే పెడుతున్నాను. అవును, పలకే వస్తోంది. తిట్టకు.

నా దగ్గర మిగిలిన ముక్కల మీద నువ్వు చెప్పినట్టే చేశాను. అయినా ఒక ముక్క పసుపుపచ్చగా మాడింది, ఇంకో ముక్కలో పూత అరిగి గుడ్డ బయటపడింది. అసలు పలక మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలడం లేదు. ఇంకో పలక చెయ్యడానికి ఫోమూ లేదు, రోజులూ లేవు. నీ చేత్తో నువ్వే చేసి పంపు. నీ చెయ్యి పడితే నాకు దిగులుండదు.

పార్సిల్ ఆఫీసులో కాగితం నింపేటప్పుడు వస్తువు పేరు ఏం రాయాలని అడిగారు. నేను చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. చివరికి "తలుపు, ఒకటి" అని నేనే రాసేశాను. నువ్వు విడిపించుకునేటప్పుడు తలుపనే అడుగు.

ఇక్కడికి మార్చి పదహారుకల్లా చేరాలి. ఒక వైపు సంగతి గుర్తుంది కదా?

నీ కాళ్ళు పట్టుకున్న,
తనూజ


బిలాస్‌పూర్,
మార్చి 15.

తనూజా,

తలుపు విడిపించాను. స్టేషన్లో కూలీ దుప్పటి కొంచెం తప్పించి చూసి, "బడ్ సుఘ్ఘర్ హే బాబూ!" అని ముచ్చటపడ్డాడు. ఎంత అందంగా ఉందో అని వాడంటే నాకే గర్వమనిపించింది, నా మేనకోడలు చేసిందని చెప్పాను. కాలనీలో మాత్రం ఎవరికి తోచింది వాళ్ళన్నారు. ఒకరు విమానం రెక్కన్నారు, ఒకరు ఇస్త్రీ బల్లన్నారు. మీ అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఓలమ్మో, ఎంత చదునుగున్నాదో! ఒక్క రోజు వడియాలెట్టుకుంతాను" అంది. ఆ రాత్రే పలకని జగన్నాథం వర్క్‌షాపుకి చేర్చేశాను.

ఆరు రోజులు పట్టింది. మొదటి రోజు మెషీను పట్టుకుంటే చెయ్యి వణికింది, నీ దగ్గర దాచడం ఎందుకు. వయసు మళ్ళింది కదా, ఇక అయిపోయిందేమో అనుకున్నాను. రెండో రోజుకి చెయ్యి తన పని గుర్తుతెచ్చుకుంది. ఆరో రోజు సాయంత్రం పలకని గోడకి ఆనించి, దూరం నుంచి నడుచుకుంటూ వచ్చాను. ఎదురుగా ఎవడో ముసలాడు వస్తున్నాడు. నేనే! జగన్నాథం ఆ పూట అందులో చూసుకుని గడ్డం గీసుకున్నాడు.

మేం షెడ్డులో ఎప్పుడూ ప్లాట్‌ఫారం వైపే మెరుపు పెట్టేవాళ్ళం. జనం చూసేది అదే, సాహెబులు చూసేది అదే. అవతలి వైపు పట్టాలకి, పిచ్చిమొక్కలకి మెరుపెందుకు? నీ పలకకీ అంతే. మనిషి కంటికి ఎదురుగా ఉండే పై వైపుని అద్దం చేశాను. నీళ్ళలో మునిగే కింది వైపుని నువ్వు చెప్పినట్టు వేలితో కూడా ముట్టుకోలేదు. కాలు జారకుండా మైనం రుద్దుకుంటామన్నావు కాబట్టి ఆ బెంగా లేదు.

నిన్న ప్యాకింగు కోసం ఇంటికి తెచ్చాను. మీ అమ్మ వచ్చింది. వాకిట్లో నిలబడి చాలాసేపు చూసింది, మంచీ చెడ్డా ఏమీ అనలేదు. మెరుపు మీద వేలు పెట్టిన వాళ్ళ వేలు విరిచేస్తానని అందరికీ చెప్పినట్టే తనకీ చెప్పాను. తాడు తేవడానికి వెళ్ళొచ్చేసరికి పలకని బోర్లా తిప్పి పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది. "దుమ్మడతాదని తిప్పినాను" అంది. నా పని మీద ఆ మాత్రం గౌరవం ఉన్నందుకు సంతోషించాను.

మిగిలిన కాంపౌండ్, మెషీనుకి తొడిగే మెత్తటి పాడ్‌లు రెండు కూడా కట్టి పంపుతున్నాను. సింహాచలం గారు తన మొహం చూసుకున్నాక ఏమన్నారో పొల్లు పోకుండా రాయి.

నిండు మనసుతో,
త్రినాథరావు


భీమిలి,
మార్చి 17.

మావయ్యా,

ఏం చేశావు? ఏం చేశావు నువ్వు?

మెరుపు కావాల్సింది కింది వైపు! నీళ్ళలో జారాల్సింది కింది వైపు! పైన గరుకుగా ఉంటేనే మైనం పట్టుకుంటుంది, దాని మీద కాళ్ళు పెట్టేది ఎనిమిదేళ్ళ పిల్లలు. దుప్పటి విప్పగానే అద్దంలో నా మొహం కనిపించింది, నోరు తెరుచుకుని ఉన్న నా మొహం. బోర్లా తిప్పితే నేను పంపినప్పటి ఆవిరి పట్టిన అద్దమే అలాగే ఉంది.

అది చాలదన్నట్టు కింద ముక్కు దగ్గర పసుపుపచ్చటి మరక ఒకటి, రూపాయి బిళ్ళంత. జగన్నాథం గారు దాని మీద పెట్టుకుని పకోడీలు తిన్నారా? తుడిస్తే పోవడం లేదు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. అమ్మ చెప్పిందా నీకు ఇలా చెయ్యమని? పలక పోతేనే పిల్ల ఇంటికొస్తుందని ఆమె అందని నువ్వే రాశావు. ఆమె వచ్చి చూసి ఏమీ అనలేదంటావు. మా అమ్మ దేన్నైనా చూసి ఏమీ అనకుండా ఉందా ఎప్పుడైనా? ఇద్దరూ కలిసి నన్ను ఇంటికి రప్పించడానికి ఆడిన ఆటేనా ఇది?

ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి. అట్టలు వేసిన పుస్తకాలు కలలోకొస్తున్నాయి.

తనూజ


బిలాస్‌పూర్,
మార్చి 21.

కుమారి తనూజ గారికి,

మీరు మార్చి 17న జారీ చేసిన ఆరోపణ పత్రం అందినది. నా సంజాయిషీ ఈ దిగువన సమర్పించుకుంటున్నాను.

ఫిబ్రవరి 9 నాటి ఉత్తరంలో, కాలు పెట్టే చోట మెరుపు కూడదని ఈ మాజీ ఉద్యోగి రాతపూర్వకంగా హెచ్చరించియున్నాడు. ఫిబ్రవరి 14 నాటి ఉత్తరంలో "ఫుట్‌బోర్డు గొడవ నీకొద్దు, బస్" అని తమరే ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఒక వైపే అని చెప్పారు గాని ఏ వైపో తమరు రాయలేదు. ఏ వైపో నేనూ అడగలేదు. మీకు తెలిసిందే లోకమంతటికీ తెలుసని మీరనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. పసుపు మరకతో నాకు సంబంధం లేదు. నా డబ్బాలలో పసుపుపచ్చది లేదు, నా పని దగ్గర ఎవరూ పకోడీలు తినరు.

ఇక ఈ మీరూ గీరూ నా వల్ల కాదు. ఏమే, మీ అమ్మ చెబితే నేను పని చెడగొడతానని ఎలా అనుకున్నావే? నా చెల్లెలు అడిగినా, సాక్షాత్తూ ఆ సింహాద్రి అప్పన్న దిగొచ్చి అడిగినా, చేతిలో పని పెట్టుకుని నేను చెడగొట్టగలనా? ఆ మాట చదివి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. మీ అత్త చూసి ఉత్తరం లాక్కుని తాను చదవబోయి, కళ్ళజోడు దొరక్క నన్నే చదివి వినిపించమంది. ఏడుపొచ్చేలా ఉన్నా చదివాను.

సరే. రైలెక్కి నేనే రావొచ్చు. రాను. వస్తే అది నా పనవుతుంది. రేపు పన్నెండు పలకలొస్తే పన్నెండుసార్లు రైలెక్కనా? అవతలి వైపు నువ్వే చెయ్యాలి, కాంపౌండ్ నీ దగ్గరే ఉంది. నీ తప్పేమిటో మాడిన ముక్క గురించి రాసినప్పుడే తెలిసింది. నువ్వు నొక్కుతావు. అక్షరాలు దిద్దించేటప్పుడు బలపాలు కూడా అలాగే నొక్కి విరగ్గొట్టేదానివి. మెషీనుకి దాని బరువు దానికి ఉంది, నువ్వు ఊరికే నడిపించు. తడి ఆరనివ్వకు. పలక మధ్యలో కాదు, ముందు తోకవైపు మొదలుపెట్టు, భయం అక్కడ వదిలిపోతుంది.

తమ విధేయుడు, నీ మీద కోపంగా ఉన్న మావయ్య,
త్రినాథరావు


భీమిలి,
ఏప్రిల్ 1.

మావయ్యా,

తేదీ చూశావా? నేనింకా ఇక్కడే ఉన్నాను.

ముందు క్షమించమని అడుగుతున్నాను. నీ సంజాయిషీ చదివి నవ్వొచ్చింది, కింద పేరా చదివి ఏడ్చాను. ఏ వైపో రాయనిది నేనే. నిన్ను అనుమానించింది కూడా నేనే, దానికి సిగ్గుపడుతున్నాను.

తోకవైపు మొదలుపెట్టాను. నొక్కలేదు. రెండు నిమిషాలకోసారి చెయ్యి పెట్టి చూశాను. నువ్వన్నట్టు మొదటి అరగంట ఏమీ జరగలేదు, నేను టీ కూడా తాగలేదు భయంతో. తర్వాత తోక దగ్గర మా షెడ్డు కిటికీ కనిపించింది, ఊచలతో సహా! గట్టిగా అరిచాను. స్పిరిట్ గుడ్డతో తుడిచాను, పోలేదు. పేపరు పట్టుకున్నాను. సూటిగా ఉన్న తెలుగే నాకు కష్టం, తిరగేసి చదివించావు కదా నాతో!

అలా రుద్దుకుంటూ నాలుగో రోజుకి ముక్కు దగ్గరికొచ్చాను. పసుపు మరక లేతబడింది గాని పోలేదు, పాలిష్ పట్టని పూతలోకి ఇంకిపోయింది. కళ్ళు దగ్గర పెట్టి చూస్తే మరక మధ్యలో ఎర్రటి చుక్క ఉంది. కుంకుమ. మన ఇంట్లో కొత్త స్కూటరొచ్చినా, కొత్త మిక్సీ వచ్చినా సరిగ్గా అలా ముందు భాగంలో పెడతారు బొట్టు. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. బోర్లా తిప్పింది, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. నీ మెరుపు మీద వేలు పెట్టకూడదని వెనక పెట్టింది మావయ్యా! వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "బొట్టేటి? నాకేటి తెల్దు, పొయ్యి మీద పప్పున్నాది" అని పెట్టేసింది.

ఇంకొక్క చుట్టు ముతక కాంపౌండ్ తిప్పితే ఆ బొట్టు పూర్తిగా పోయేది. తెల్లటి పలక మీద మచ్చ ఉంటే ఆయన వద్దనొచ్చు. చివరికి ముక్కు దగ్గర సన్న కాంపౌండ్ మాత్రమే తిప్పాను, బొట్టు అలాగే ఉంచేశాను.

నిన్న సింహాచలం గారు వచ్చారు. ముందు పై వైపు చూసి, "ఇదేటమ్మా, అద్దమెట్టినావు? మా పిల్లలు దీని మీద నిల్సుంతారా, తలలు దువ్వుకుంతారా?" అని నవ్వారు. తర్వాత పలకని తిప్పి, కళ్ళు మూసుకుని కింది వైపంతా అరచేత్తో తడిమారు, ముక్కు నుంచి తోక దాకా, తోక నుంచి ముక్కు దాకా. "ఇటేపు ఎవలు సేసినారు?" అన్నారు. "నేను" అన్నాను. "అటేపు?" "మా మావయ్య." ఆయన ఇంకోసారి తడిమి, "మీ మావయ్య సెయ్యి గొప్పదే. నాకు కావల్సింది మాత్రం ఇటేపుది" అన్నారు. బొట్టు మీద వేలు పెట్టి ఇదేమిటన్నట్టు చూశారు. "మా అమ్మ" అన్నాను. ఆయన తలూపి వేలు తీసేశారు. పన్నెండూ నావే మావయ్యా!

ఈ పలక మాత్రం పిల్లలకి పనికిరాదు. దీని మీద మైనం రుద్దడానికి ఆయనకీ చెయ్యి రాలేదు. షెడ్డు ముందు గోడకి తగిలించాను, నీ వైపు దారికి ఎదురుగా. చేపలమ్మే నీలవేణి ఈ పొద్దున గంప దించి అందులో చూసుకుని కొప్పు సరిచేసుకుని మరీ వెళ్ళింది. బొట్టు గోడవైపు ఉంది. పసుపు ఎండకి వెలిసిపోతుంది కదా, అక్కడైతే ఎండ తగలదు.

నీ శిష్యురాలు,
తనూజ


బిలాస్‌పూర్,
ఏప్రిల్ 7.

తనూజా,

తప్పులు ఏడే ఉన్నాయి. చీటీ పంపడం లేదు.

నీ ఉత్తరం మీ అమ్మ ఎదురుగా గట్టిగా చదివాను. నా చెవులకే వినబడేంత గట్టిగా చదివాను కాబట్టి కాలనీ అంతా విన్నారు. "కావల్సింది మాత్రం ఇటేపుది" అన్నచోట నాకు కొంచెం బాధేసింది, దాచడమెందుకు. తర్వాత చాలా సంతోషమేసింది. ముప్పై ఆరేళ్ళు నేను ప్లాట్‌ఫారం వైపు తప్ప ఎటూ చూడలేదు, అవతలి వైపు కూడా చెయ్యి పెట్టి చూసేవాళ్ళుంటారని నాకు తెలియదు.

బొట్టు దగ్గరికొచ్చేసరికి మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు, నేను చూశాను. చాలాసేపటికి వచ్చి, మొహం అటు తిప్పుకుని, "ఆ గోడకి వాన తగల్దు గదా?" అని అడిగింది. సాయంత్రం కోచింగు పుస్తకాలు ఎదురింటి పిల్లకి ఇచ్చేసింది. అట్టలు మాత్రం ఊడదీసి దాచుకుంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి ఒక మాట చెప్పింది. ఆ పన్నెండు పలకలు చెయ్యడం మొదలుపెట్టగానే కబురు పెట్టమంది, తను భీమిలి వస్తుందట. ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టాలట. ఏ వైపు పెట్టాలో ఈసారైనా స్పష్టంగా రాయి తల్లీ.

మావయ్య,
త్రినాథరావు